ధర్మకర్తృత్వమునెడ గల ఆశ



ధనమును విడుచుట కష్టమే. విడిచిన ధనముపై పెత్తనమును విడుచుట అంతకంటె కష్టము. వర్తకుడు కట్టించిన సత్రమైనను, జమీందారు నిలిపిన పాఠశాలయైనను, దాత చేయి తీసిన మఱుక్షణమున అచ్చట ఒక కుర్చీ మిగులును. ఆ కుర్చీకొఱకు జరుగు పోరు మన విజయనగరమునందే జరిగినది గనుక దూరపు దృష్టాంతములతో పనిలేదు.

1958లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ తండ్రియగు అలక నారాయణ గజపతిగారి పేర మాన్సాస్ అను ధర్మసంస్థను నెలకొల్పిరి. వేలకొలది ఎకరముల భూములును, విజయనగరపు కోటయు, 1879లో కళాశాలయైన మహారాజావారి విద్యాలయమును మొదలగునవి దాని ఆధీనమున చేరినవి. ఒక వంశము తన కోటను పాఠశాలలకు విడుచుట సామాన్యమైన త్యాగము కాదు. స్థాపకుల యనంతరము పెద్దకుమారులు ఆనందగజపతిగారును, 2016లో వారు గతించిన పిమ్మట తమ్ములు అశోక్ గజపతిరాజుగారును అధ్యక్షులైరి. 2020 మార్చిలో రాష్ట్రప్రభుత్వము ఉత్తరువులిచ్చి, వారి స్థానమున ఆనందగజపతిగారి కుమార్తె సంచయితగారిని నిలిపెను. సింహాచల దేవస్థానపు అధ్యక్షతయు ఆమెకే దక్కెను. తొలగింపబడినవారు అప్పటి ప్రతిపక్షమునకు చెందిన నాయకులు, మాజీ కేంద్రమంత్రి. వ్యాజ్యము నడచెను. 2021 జూన్ 14వ తేదీన హైకోర్టు ఆ ఉత్తరువులను కొట్టివేయగా, ఆయన తిరిగి పీఠమెక్కిరి.

అధ్యక్షపదవి వంశమున జ్యేష్ఠుడగు పురుషునికే చెందునని ఒక పక్షమువారు వాదించిరి. స్త్రీయైన మాత్రమున అనర్హురాలగునా యని రెండవ పక్షమువారు అడిగిరి. ఈ సభలోనివారి మనస్సు ఆ రెండవ ప్రశ్నవైపే మొగ్గును. నా మనస్సును అంతే. పురుషునికే యను నియమము ఎంత ప్రాచీనమైనను న్యాయమని నేననజాలను. అయినను ఇచ్చట ఒక్క క్షణమాగి యోచింపవలెను. ఆ కుర్చీలో అప్పుడు కూర్చుండినవారు ప్రభుత్వమునకు మిత్రులైయుండినచో, స్త్రీసమానత్వము ఆ మార్చినెలలోనే జ్ఞప్తికి వచ్చియుండునా? సూత్రమునందే అంత శ్రద్ధ యున్నచో, రాష్ట్రమందలి వంశపారంపర్య ధర్మకర్తృత్వములన్నిటికిని వర్తించు శాసనము చేయరాదా? ఇక రెండవవైపు: ప్రభుత్వపు జోక్యమును అన్యాయమన్నవారు, ఆడుబిడ్డలకు తలుపు మూసిన నియమము తమకు లాభించినపుడు దానినిగూర్చి నోరు విప్పిరా? వారి వారి అంతరంగములు అంతర్యామికే యెఱుక. వానికి తీర్పు చెప్ప మనమెవ్వరము? కాని ఒకటి మాత్రము కన్నులకు కనబడుచున్నది. మంచి సూత్రము చెడ్డ కోరికకు వాహనమగుట మిక్కిలి సులభము, ఏలయన ఎక్కినవానిని ఎవ్వరును దిగుమనరు.

ఈ పోరు కోటతో ఆగలేదు. 2020 డిసెంబరు కడపట రామతీర్థమున బోడికొండపై కోదండరాముని విగ్రహమును దుండగులు ఖండించిరి. కొలదిదినములలో, 2021 జనవరియందు, అశోక్ గజపతిరాజుగారిని ఆ దేవాలయ ధర్మకర్తృత్వమునుండియు తొలగించిరి. క్రొత్త విగ్రహమునకై ఆయన పంపిన 1,01,116 రూపాయలను అధికారులు మరలించిరి. విగ్రహారాధనమునుగూర్చి మన యభిప్రాయమెట్టిదైనను, దేవుని పేర వచ్చిన కానుకను దాత రాజకీయమునుబట్టి త్రిప్పిపంపుట వినుటకే చిన్నతనముగానున్నది. ఆ యేడు డిసెంబరు 22న శంకుస్థాపన జరిగెను. ఆనాడును శిలాఫలకము విషయమై తోపులాటయే! దాత సిగ్గుతో నీయవలెనని విధించిన ఉపనిషత్తు పుట్టిన దేశమిది. ఆ సిగ్గు రాతిపై పేరు చెక్కించుకొను దినమున ఎచ్చటికి పోవుచున్నదో తెలియదు.

పెద్దల వ్యాజ్యమిట్లుండగా, 2021 జులైలో మాన్సాస్ ఉద్యోగులు జీతములకొఱకు కార్యాలయము ముందర నిలువవలసివచ్చెను. వారిలో ఉపాధ్యాయులు గలరు. అధ్యక్షులు అన్నగారి కుమార్తెయా, పినతండ్రియా యన్నది నెలసరుకుల చీటీ చేత బట్టుకొన్న ఇల్లాలికి రెండవ ప్రశ్న. ఆ సంస్థ ఎవరికొఱకు పుట్టినదో వారి పేరు ఏ శిలాఫలకముపైనను లేదు, ఏ ఉత్తరువునందును లేదు. ధర్మసంస్థలోని కలహమును తూచుటకు నాకింతకంటె మంచి త్రాసు దొరకలేదు: ఆ కలహపు కాగితములలో బడిపిల్లలను గూర్చిన పంక్తులెన్ని, పదవిని గూర్చిన పంక్తులెన్ని?

ఇది రాజవంశముల కథ యని మనము తప్పించుకొనరాదు. శ్రీకాకుళమునను విజయనగరమునను గ్రంథాలయములకు, అనాథశరణాలయములకు, విద్యార్థి వసతిగృహములకు ధర్మకర్తలైనవారు మీలో పలువురు కలరు. రాబోవు సర్వసభ్యసభలో లెక్కల పుస్తకమును ముందు విప్పి, అధ్యక్షుని ఎన్నికను కడపటికి నెట్టి చూడుడు. ఎందఱు చివరవఱకు కూర్చుందురో తెలియగలదు. మఱియు ఈ రాత్రి ఒంటరిగానున్నపుడు ఒక ప్రశ్న వేసికొనుడు. రేపు ఆ పట్టికనుండి మీ పేరు తీసివేసి, మీకు సరిపడనివాని పేరు వ్రాసినచో, ఎల్లుండి నెలచందా యథాప్రకారము పంపుదురా?