దళం ఎవరి ఓర్పు మీద నిలిచింది?

ఒక బృందంలోని సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూచుకోలేని స్థితికి వచ్చిన తరువాత కూడ ఆ బృందం నిలిచివుంటే, దానిని మనం మెచ్చుకోవాలా, శంకించాలా? ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురుకాలేదు. మెదక్ పట్నంలో, ఖిల్లా నీడలో, మేము నడుపుకుంటున్న చిన్న బుర్రకథ దళంలో ఎదురయింది.

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ తంబురా పట్టిన కథకుడు. ఇరుప్రక్కల డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెప్తాడు, మరొకడు వర్తమాన రాజకీయాన్ని కథలోకి లాగుతాడు. అంటే అడ్డు తగలడం, ఎదురు ప్రశ్న వేయడం ఆ కళలోనే ఉన్నది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, నాజర్ వంటి కళాకారులు ఈ రూపాన్ని పోరాట సాధనంగా మలచుకోగలిగారంటే, దానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

మా కథకుడికీ రాజకీయ వంతకూ రెండేళ్లు మాటల్లేవు. వేదిక మీద మాత్రం ఒకరి మాటను ఒకరు అందుకునేవారు. దిగగానే చెరొక దారి. అందరూ దీనిని స్వభావాల తగవన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పరిశీలిస్తే తేలినదేమిటి? కరపత్రం మీద ఒక్క కథకుడి పేరే పడుతున్నది. వచ్చిన నాలుగు రూపాయలు, బస్సు చార్జీలు పోను, ఎలా పంచుతున్నారో ఎవరికీ తెలియదు.

అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట 1974లో వెలువడింది. బల్ల చుట్టూ కూర్చుని, తలకొక పాత్ర ధరించి, అందరూ కలిసి కథ అల్లే ఆట అది. 1979లో ఆర్నెసన్ తన పేరు కోసం, తనకు రావలసిన రాబడి కోసం కోర్టుకెక్కాడు. 1981లో రాజీ కుదిరింది. చేసినవారు విడిపోయినా ఆట ఆగలేదు. అక్కడా ఇక్కడా తగవు పుట్టినచోటు ఒక్కటే: శ్రమ సమష్టిది, పేరు వ్యక్తిది.

శత్రువుతో ఉండే వైరుధ్యం వేరు, ప్రజల మధ్య ఉండే వైరుధ్యం వేరు అని 1957లో మావో అన్నాడు. ఈ తేడా మరచి తోటివాణ్ణి శత్రువుగా చూచిన సందర్భాలు మనలో తక్కువ కాదు. మా దళంలో హితబోధలు పనిచేయలేదు. లెక్కల పుస్తకం అందరిముందు తెరిచాము. కరపత్రం మీద మూడు పేర్లూ వేశాము. వారిద్దరూ స్నేహితులు కాలేదు, నేటికీ కారు. కాని దళం నిలిచింది. కలిసి పనిచేయడానికి స్నేహం తప్పనిసరి కాదు, న్యాయం తప్పనిసరి అని అప్పుడు నమ్మాను.

ఈ నమ్మకంతో గర్వపడుతున్న రోజులలోనే హాస్యవంత చెప్పే అమ్మాయి, నా పూర్వ విద్యార్థిని, రావడం మానేసింది. రిహార్సలు ఆలస్యమైన రాత్రులు ఇల్లు చేరడం ఆమెకెంత కష్టమో, కథకుడు ఆమెపై విసిరే మాటలెలాంటివో నాకు తెలుసు. "సర్దుకో అమ్మా, దళం ముఖ్యం" అన్నవాణ్ణి నేనే. పిలవడానికి పోతే ఆమె ఒక్కమాట అన్నది:

"సార్, ఇద్దరు మొగోళ్లు కొట్లాడితే లెక్కలు దీసి సూసిన్రు. నన్నైతే సర్దుకోమన్నరు."

నా దగ్గర జవాబు లేదు. పోట్లాడేవారి తగవు ఊరందరికీ వినిపిస్తుంది. భరించేవారిది పక్కనున్నవాడికి కూడ వినిపించదు. నాకు వినిపించిన తగవునే నేను న్యాయంగా తీర్చాను. బృందం నిలిచిందని చాటుకునే ముందు, ఎవరి ఓర్పు మీద నిలిచిందని అడగవలసి ఉన్నది.

రిహార్సలు వేళ మార్చాము. కథకుణ్ణి అందరిముందు నిలదీశాము. ఆమె తిరిగి రాలేదు. వేరొక వంత దొరికాడు, కథ నడుస్తున్నది. నడుస్తున్నదన్న ఒక్క కారణంతో దానిని విజయమని నేనిక చెప్పలేను.