ఐపీ పెట్టినవాడు

నా వృత్తిలో ఐపీ అంటే అడ్రస్. కాచిగూడ చౌరస్తాలో, చిక్కడపల్లి సందుల్లో ఆ మాటకి అర్థం వేరు. "వాడు ఐపీ పెట్టాడు" అంటే అప్పులోళ్ళని ముంచేశాడని. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే పొడి కోర్టు మాట తెలుగులో తిట్టయి కూర్చుంది. ఆ తిట్టు న్యాయమైనదేనా?

మామూలు మనిషి దివాలాకి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. 2016లో కొత్త కోడ్ వచ్చింది గానీ, అందులో వ్యక్తుల భాగం కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్ళ వరకే అమలైంది. పాత చట్టం ప్రకారం 500 రూపాయల అప్పున్నా, తీర్చలేకపోతే పిటిషన్ వేయొచ్చు. అందులో ఏం రాయాలి? ప్రతి అప్పు, ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు. ఉన్న ప్రతి ఆస్తి, దాని విలువ. అదంతా కోర్టు చేతిలో పెడతానన్న మాట. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, చేతిపని చేసేవాడి పనిముట్లు, మంగళసూత్రం లాంటివి మాత్రం వదిలేస్తారు. ఇది తప్పించుకునే దారిలా లేదు, నిలువునా ఒప్పుకోలులా ఉంది.

అయినా బేషరతు విముక్తి తేలిక కాదు. ఆస్తులు రూపాయికి 50 పైసలైనా రాకపోతే, అది తన తప్పు కాదని అతనే కోర్టుని ఒప్పించాలి. మునిగామని తెలిసీ వ్యాపారం సాగించినా అడ్డే.

కొత్త కోడ్ కింద దేశంలో ఆమోదం పొందిన మొదటి పరిష్కార ప్రణాళిక మన హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీదే, 2017 ఆగస్టులో. విశాఖ కంపెనీ సినర్జీస్ డూరే. సుమారు 972 కోట్ల బాకీకి ఒప్పుకున్నది 54 కోట్లు. రూపాయికి ఆరు పైసలు కూడా కాదు. దీనికి ముద్దుపేరు హెయిర్‌కట్. ఇలాంటి వార్తల్లో "ఐపీ" అన్న మాట నాకెక్కడా కనబడదు. ఫ్యాక్టరీ నిలబడితే పనివాళ్ళు బతుకుతారు, నిజమే. మనిషి నిలబడితే ఇల్లు బతకదా?

అప్పిచ్చినవాళ్ళ కోపాన్ని మాత్రం కొట్టిపారేయలేను. కూతురి పెళ్ళికని చీటీ కట్టినావిడ చేతికి చివరికి వచ్చేది కోర్టు నోటీసు. పిటిషన్‌కి ముందే ఇల్లు బావమరిది పేర రాసేసేవాళ్ళూ ఉన్నారు. అందుకే రెండేళ్ళ లోపు చేసిన అలాంటి బదిలీలని రద్దు చేసే అధికారం ఆ చట్టమే కోర్టుకిచ్చింది. లేనివాడూ దాచినవాడూ ఒకటి కాదని చట్టానికి తెలుసు. మన మాటకే తెలీదు.

దాచినవాడికి ఈ తిట్టు తగలదు. తగిలేది లేనివాడికే. పరువు పోతుందని కోర్టు గడప ఎక్కడు. కొత్త అప్పుతో పాత వడ్డీ కడతాడు, చీటీ కట్టినావిడ దగ్గర ఇంకో లక్ష తీసుకుంటాడు. ఆ తిట్టుకి భయపడి అతను ఆలస్యం చేసిన ప్రతి నెలా, ఆవిడకి తిరిగి రావాల్సిన పైసలే తగ్గుతాయి.