అచ్చం డ్రోగ్బాలా

2022 ఫిబ్రవరి 19న క్రిస్టల్ ప్యాలస్‌తో జరిగిన మ్యాచ్‌లో చెల్సీ స్ట్రైకర్ రొమేలు లుకాకు తొంభై నిమిషాలూ మైదానంలోనే ఉన్నాడు. అంతసేపట్లో బంతిని తాకింది ఏడంటే ఏడుసార్లు. అందులో ఒకటి సెంటర్ సర్కిల్‌లో ఆట మొదలుపెట్టడానికి కొట్టిన కిక్. ప్రీమియర్ లీగ్‌లో ఇలాంటి లెక్కలు రాయడం మొదలయ్యాక, పూర్తి మ్యాచ్ ఆడి ఇంత తక్కువసార్లు బంతిని తాకినవాడు ఇంకొకడు లేడు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో మీమ్స్ వరదలా వచ్చాయి. నేనూ రెండు ఫార్వర్డ్ చేశాను. దానికి ఆరు నెలల ముందు, ఆగస్టులో, అదే గ్రూపులో "డ్రోగ్బా మళ్ళీ వచ్చాడ్రా" అని రాసిందీ నేనే.

ఎందుకలా రాశాను? ఇద్దరూ నల్లవాళ్ళు. ఇద్దరూ ఆరడుగులు దాటినవాళ్ళు, డిఫెండర్ భుజం వేసినా కదలని మనుషులు. ఇద్దరిదీ సెంటర్ ఫార్వర్డ్ స్థానం. పైగా లుకాకు చిన్నప్పట్నుంచీ డ్రోగ్బా అభిమాని. 2011లో పద్దెనిమిదేళ్ళ వయసులో మొదటిసారి చెల్సీకి వచ్చినప్పుడు డ్రోగ్బా అక్కడే ఉన్నాడు. ఇన్ని కుదిరాక కథ దానంతటదే తయారైపోతుంది, మనం ఆట చూడక్కర్లేదు.

చూసుంటే తెలిసేది. డ్రోగ్బా గోల్‌కి వీపు పెట్టి ఆడేవాడు. వెనకనుంచి ఎత్తుగా వచ్చే బంతిని ఛాతీ మీద దించుకుని, ఇద్దరు డిఫెండర్లని వీపు మీద మోస్తూ, లాంపార్డ్ పరుగెత్తుకొచ్చేదాకా ఆపి ఉంచడం అతని విద్య. 2012లో మ్యూనిక్ ఫైనల్లో, 88వ నిమిషంలో కార్నర్ నుంచి తలతో కొట్టిన ఆ గోల్ చూసినవాళ్ళకి ఇక చెప్పాల్సింది లేదు. లుకాకు సంగతి వేరు. అతనికి గోల్ ఎదురుగా కనపడాలి, ముందు ఖాళీ జాగా ఉండాలి. కుడివైపుకి జరిగి, బంతి అందుకుని, డిఫెండర్ చుట్టూ తిరిగి, ఎడమకాలి మీదకి వచ్చేస్తాడు. ఇంటర్ మిలాన్‌లో కాంటే అతన్ని అలాగే వాడుకున్నాడు, పక్కన లౌటారో మార్టినెజ్‌ని పెట్టి. 2020-21లో లీగ్‌లో 24 గోల్స్, పదకొండేళ్ళ తర్వాత ఇంటర్‌కి టైటిల్. ఆ వేసవిలోనే చెల్సీ 9.75 కోట్ల పౌండ్లు పోసి కొని, ముందు ఒంటరిగా నిలబెట్టి, గోల్‌కి వీపు పెట్టించింది. లీగ్‌లో 8 గోల్స్ వచ్చాయి. ఏడాది తిరక్కుండా అప్పు మీద ఇంటర్‌కే తిరిగి పంపారు.

అంతా పోలిక వల్లే జరిగిందని అనను. మధ్యలో చీలమండ గాయం ఉంది, డిసెంబర్ చివర్లో అతనే ఇచ్చి గొడవ తెచ్చుకున్న ఇంటర్వ్యూ ఉంది. కానీ తను టార్గెట్ మేన్‌ని కాదని ఆ మనిషి ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆ ఒళ్ళు చూసినవాళ్ళెవరికీ ఆ మాట చెవికెక్కలేదు.

హైస్కూల్లో అలంకారాలు బట్టీ పట్టిన రోజులు గుర్తున్నాయా? "ఆమె ముఖము చంద్రబింబమువలె మనోహరముగా ఉన్నది." ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, వలె ఉపమావాచకం, మనోహరంగా ఉండటం సమానధర్మం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. ఏదైనా లోపిస్తే లుప్తోపమ. నాలుగు మార్కుల ప్రశ్న, రాసేసి మర్చిపోయాం. ఇప్పుడు చూస్తే ఫుట్‌బాల్ గురించి మనం మాట్లాడేదంతా లుప్తోపమలే అనిపిస్తుంది. లుకాకు ఉన్నాడు, డ్రోగ్బా ఉన్నాడు, 'అచ్చం' అనే మాట ఉంది. ఎందులో అన్నదే లేదు.

కవిత్వంలో సమానధర్మం ఎగిరిపోయినా ఎవరికీ నష్టం లేదు, చదివేవాడు తనకి తోచింది పూరించుకుంటాడు. చంద్రబింబంలాంటి ముఖం అన్నారు కదా అని దాని మీద దిగడానికి ఎవరూ రాకెట్ కట్టరు. ఫుట్‌బాల్‌లో కడతారు. ఖాళీని పూరించేవాళ్ళు క్లబ్ యజమానులు, కోచ్‌లు, కామెంటేటర్లు, టికెట్ కొన్న అరవైవేల మంది. వాళ్ళు దేంతో పూరిస్తారంటే, కంటికి ముందు కనపడేదాంతో. ఒళ్ళు, రంగు, జుట్టు, చొక్కా నంబరు, ఏ కాలు వాడతాడన్నది.

నెల్సన్ గుడ్‌మన్ అనే అమెరికన్ తత్వవేత్త 1972లో సాదృశ్యం మీద ఒక చిన్న వ్యాసం వేశాడు. ఏ రెండు వస్తువులు తీసుకున్నా ఏదో ఒక విషయంలో పోలిక ఉండి తీరుతుంది, కాబట్టి ఏ విషయంలోనో చెప్పకుండా 'ఇది దానిలా ఉంది' అంటే ఏమీ చెప్పనట్టే, అన్నది అందులో ఒక ముఖ్యమైన వాదన. మన నైయాయికులు ఇదే చుట్టుపక్కల ఇంకాస్త లోతుగా తవ్వారు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉంటే పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె కూడా ఉండాలి. ఆ తడికట్టెని వాళ్ళు ఉపాధి అన్నారు. లెక్కలో చెప్పకుండా దాక్కుని, నిజానికి పనంతా చేసేది అదే. మ్యూనిక్‌లో మనం చూసిన పొగకి డ్రోగ్బా ఒంట్లోని నిప్పు ఒక్కటే కారణం కాదు. వెనకనుంచి పొడుగు బంతులు వేసే జట్టు, రెండో బంతి మీద పడే మిడ్‌ఫీల్డర్, ఒంట్లో ఎక్కడా కనపడని ఎన్నో ఏళ్ళ అలవాటు, ఇవన్నీ తడికట్టెలు. ఒడ్డూ పొడుగూ మాత్రం ఒకేలా ఉందని మనం ఇనపగుండు పట్టుకొచ్చి పొగ కోసం ఎదురుచూశాం.

రంగు దగ్గర ఇది ఉత్త పొరపాటుగా ఆగదు. 2020లో రన్‌రిపీట్ అనే సంస్థ నాలుగు యూరప్ లీగుల నుంచి 80 మ్యాచ్‌లు తీసుకుని, కామెంటేటర్ల మాటలు 2,073 జల్లెడ పట్టింది. తెలివిని మెచ్చుకునే మాటలు ఎక్కువగా లేతరంగు ఆటగాళ్ళకి పోయాయి, బలాన్నీ వేగాన్నీ మెచ్చుకునేవి ముదురురంగు వాళ్ళకి. అన్నీ మెచ్చుకోళ్ళే. అందుకే ఎవరికీ తప్పుగా వినపడదు. 2004లో పద్నాలుగేళ్ళకే ప్రొఫెషనల్ అయిన ఫ్రెడ్డీ అడూని అమెరికా 'కొత్త పేలే' అంది. ఇద్దర్నీ కలిపి కూల్‌డ్రింక్ యాడ్ కూడా తీశారు. ఘానాలో పుట్టిన ఆ పిల్లాడికీ బ్రెజిల్ పేలేకీ ఆటలో ఏం కలిసిందో ఎవరైనా అడిగితే, చిన్న వయసు, నల్లని ఒళ్ళు తప్ప నాకు జవాబు దొరకదు. అడూ తర్వాత డజనుకి పైగా క్లబ్బులు మారాడు.

అలాగని పోలికలే వద్దంటే కొత్తది ఎలా తెలుస్తుంది? గవయాన్ని ఎప్పుడూ చూడనివాడికి అడవిమనిషి 'ఆవులా ఉంటుంది' అని చెప్తాడు, వాడు అడవికెళ్ళి గుర్తుపడతాడు. ఉపమానం ఒక ప్రమాణమే. 2007 ఏప్రిల్‌లో గెటాఫే మీద మెస్సీ సగం మైదానం నుంచి బయల్దేరి కొట్టిన గోల్ పక్కన, 1986లో ఇంగ్లండ్ మీద మారడోనా కొట్టింది పెట్టి చూడండి, ఒళ్ళు జలదరిస్తుంది. ఎందులో పోలికో అక్కడ కంటికే కనపడుతుంది. అదే ఏడాది జూన్‌లో ఎస్పాన్యోల్ మీద చేత్తో గోల్ వేసి మెస్సీ ఆ పోలికని కూడా పూర్తిచేశాడు, అది వేరే విషయం.

ఐతే గవయాన్ని గుర్తుపట్టాక, ఆవులా పాలివ్వలేదని దాన్ని ఎవరూ కొట్టరు. బోయాన్ కర్కిచ్‌ని కొట్టారు. 2007లో పదిహేడేళ్ళకి మెస్సీ రికార్డు దాటి, బార్సిలోనా తరఫున లీగ్‌లో గోల్ కొట్టిన అతి చిన్నవాడయ్యాడు. వెంటనే 'కొత్త మెస్సీ' అన్నారు. మరుసటి వేసవి యూరో కప్‌కి వెళ్ళలేదు. ఆందోళన వల్ల వెళ్ళలేకపోయానని పదేళ్ళ తర్వాత గానీ బయటికి చెప్పలేదు. మూడు లా లిగాలు, రెండు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచిన జట్టులో ఉన్నాడు, మరో పన్నెండేళ్ళు దేశదేశాల్లో ఆడి 2023లో రిటైరయ్యాడు. ఇంకే ఆటగాడికైనా ఇది తృప్తిగా చెప్పుకునే బతుకు. అతని పేరు తీస్తే మాత్రం మనవాళ్ళు 'పాపం' అంటారు. ఉపమేయం ఎప్పుడూ ఉపమానానికి బాకీ పడే ఉంటుంది కాబోలు.

ఇదంతా దూరంనుంచి చెప్పడం తేలికే. రెండేళ్ళ కిందట ఆదివారాలు గచ్చిబౌలి వైపు ఒక టర్ఫ్‌లో ఫైవ్-ఎ-సైడ్ ఆడేవాళ్ళం. మణిపూర్ కుర్రాడొకడు కొత్తగా చేరాడు. మొదటిరోజే ఛేత్రీ అని పేరు పెట్టేశాం. సునీల్ ఛేత్రీది మణిపూర్ కాదు. పుట్టింది సికింద్రాబాద్‌లో. ఊరి లెక్కన ఆ జట్టులో ఛేత్రీకి అందరికంటే దగ్గరివాణ్ణి నేనే, మాది మల్కాజ్‌గిరి. నన్నెవరూ అలా పిలవలేదు. అతన్ని మూడు వారాలు ముందు నిలబెట్టాం, ఒక్క గోల్ పడలేదు. మావాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. నాలుగో వారం మా గోల్‌కీపర్ రాలేదు. అతను బ్యాగ్ తెరిచి గ్లవ్స్ తీశాడు. వేళ్ళ దగ్గర అరిగిపోయిన పాత జత. ఆ రోజు రెండు గోల్సే ఇచ్చాం, మామూలుగా ఎనిమిదికి తగ్గవు.

ముందే చెప్పొచ్చుగా అని పార్కింగ్‌లో అడిగాను. "బోలా థా నా భాయ్, పెహ్లే దిన్" అని హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి గ్రూపులో పైకి జరుపుకుంటూ వెళ్ళాను. చేరిన రోజు అతను పెట్టిన మెసేజ్ ఉంది, 'హాయ్, మై గోల్‌కీపర్ హూ' అని. దాని కింద 'వెల్కమ్ ఛేత్రీ', రెండు నిప్పు ఇమోజీలు. పంపింది నేనే.