శబ్దనిత్యత్వమును బ్లూటూత్ పెట్టెయును

గృహమునే కార్యాలయముగా మార్చుకొన్నవారు, బల్లపై తీగల చిక్కును వదిలించుకొనదలచి, జేబులో ఇమిడెడి బ్లూటూత్ హెడ్‌ఫోన్ యాంప్లిఫయరును ఎన్నుకొనబూనినప్పుడు, తమకు తెలియకయే మీమాంసకులకును నైయాయికులకును నడుమ జరిగిన ప్రాచీనవివాదమున అడుగిడుచున్నారు. శబ్దము నిత్యమనియు, కంఠతాల్వాదుల వ్యాపారము దానిని అభివ్యక్తము మాత్రమే చేయుననియు మీమాంసకుల మతము. అది పుట్టి నశించునదనియు, అలనుండి అల పుట్టినట్లు శబ్దమునుండి శబ్దాంతరము జనించి తుదకు చెవిని చేరుననియు నైయాయికుల వాదము. తర్కసంగ్రహకర్తయు తెలుగువాడును అగు అన్నంభట్టు ఈ రెండవ సంప్రదాయమువాడే.

ఈ యంత్రము ఏ పక్షమునకు సాక్ష్యము? బ్లూటూత్ ద్వారా ధ్వనిని కుదించి పంపెడి ఎల్‌డాక్ పద్ధతియందు సెకనుకు గరిష్ఠముగా 990 కిలోబిట్లు ప్రసరించును. సీడీయందలి ధారయో, 1,411 కిలోబిట్లు. కావున చెవి గుర్తింపజాలదని లెక్కగట్టిన అంశము ముందే విసర్జింపబడి, అంకెలుగా మారిన శేషము 2.4 గిగాహెర్ట్జ్ తరంగముల నెక్కి వచ్చి, ఈ పెట్టెయందు మరల విద్యుత్ప్రవాహమై, పెట్టె తగిన శక్తిగలదైనచో 300 ఓముల హెడ్‌ఫోనును సైతము పలికించును. నడుమ త్రోవలో ధ్వని ఎచ్చటను లేదు. అయినను శ్రోత “ఇది ఘంటసాల గొంతే” యని నిస్సంశయముగా గుర్తించుచున్నాడే! ఆ ప్రత్యభిజ్ఞయే మీమాంసకునకు పెట్టనికోట. నైయాయికుడు దానిని సాజాత్యమూలకమని తోసిపుచ్చును. నాకును అదియే సమంజసముగా తోచుచున్నది.

కొనువారికి మాత్రము ఇంతకన్న ముఖ్యమైన చిక్కు వేరొకటి కలదు: మైకు తెరచినంతనే బ్లూటూత్ సాధారణముగా సంగీతమార్గమును విడిచి సంభాషణమార్గమునకు దిగును, ధ్వని సన్నగిల్లును. దినమంతయు సమావేశములలో గడపువారికి ఎల్‌డాక్ ఆడంబరమేల? మంచి మైకును, సాయంకాలమువరకు నిలుచు బ్యాటరీని చూచుకొనిన చాలును.