అతుకులను కలుపు దారము

ధ్యాన భాగము: కొలొస్సయులకు 3:12–15



ఒక తల్లి పాతచీరల ముక్కలను చేతితో అతికి, బొంత పైపొర మాత్రము ముగించి ప్రభువునందు నిద్రించినదనుకొనుడి. కుమార్తె దానిక్రింద దూదియు అస్తరును పరచి కుట్టుమిషను మీద పూర్తిచేయ గోరినది. వంకర పువ్వులు కుట్టవలెనా? మెరుపు దారము పెట్టవలెనా? అట్లు చేసిన యెడల తల్లి చేతిపని మరుగైపోవును. అన్ని రంగులున్న గుడ్డకు సాదా గీతలే అందము; ఆ రంగులలో కలిసిపోవు నూలుదారమే తగినది.

అయితే కుట్ల వరుసలు మరీ దూరమైనచో ఉతికినప్పుడు దూది ఉండలు కట్టును. దారము అతిగా బిగిసిన యెడల గుడ్డ ముడుచుకొనును. వదులైన యెడల ఉచ్చులు తేలును. నడుమ మొదలుపెట్టి అంచులకు కుట్టుకొనిపోయిన యెడల పొరలు సమముగా పరచుకొనును.

మన సంఘమును అట్టిదే. పెద్దలు కూర్చిన పనిని మనము పూర్తిచేయుచున్నాము. అన్నిటిని కలిపి కట్టునది ప్రేమయే అని అపొస్తలుడు బోధించుచున్నాడు. మన పేరు మెరయవలెనని కుట్టుచున్నామా? మన మాటే చెల్లవలెనని ఇతరులను బిగించుచున్నామా? ఒకరికొకరము దూరమై ఉండలు కట్టియున్నామా? ప్రభువు బల్లయొద్దకు రాకమునుపే, మీతో మాటలులేని సహోదరుని ఇంటికి వెళ్లుడి. క్రీస్తును నడుమ నుంచుకొని మొదలుపెట్టుడి.

ప్రభువా, కనబడక కలుపు దారముగా మమ్మును వాడుకొనుము. ఆమేన్.