కత్తి చేయుట వినోదమా, కాయకమా?

శరీరముతో చేయు ప్రతి పనియు కాయకమగునా, లేక జీవనార్థమై చేయు పనియే కాయకమగునా అను ప్రశ్న నేటి కాలమున క్రొత్తగా తలయెత్తుచున్నది. శరణుల కాలమున ఈ సందేహమునకు తావు లేకుండెను. త్రాళ్ళు పేనిన నులియ చందయ్యకును, గంపలు అల్లిన మేదర కేతయ్యకును, పడవ నడిపిన అంబిగర చౌడయ్యకును ఆ పనియే కూడు, ఆ పనియే పూజ. నేడట్లు కాదు. ఉద్యోగము చేసి కడుపు నింపుకొనినవాడు తీరిక వేళలలో ప్రీతి కొలది వేరొక పనిముట్టు చేతపట్టుచున్నాడు. ఒకరికి ఆ ప్రీతి కుమ్మరి సారెపై, మరియొకరికి మగ్గముపై, ఇంకొకరికి కొలిమిపై కలుగుచున్నది.

ఇట్టి వ్యాసంగములలో కత్తులు చేయుట యొకటి. అమెరికా దేశమున విలియం మోరాన్ అను శిల్పి వేర్వేరు ఉక్కులను పొరలు పొరలుగా అతికి, అలలవంటి రేఖలు తేలు కత్తులను 1973లో ప్రదర్శనకు తెచ్చెను. 1976లో కత్తులు సాగగొట్టు వారి సంఘము అచట ఏర్పడెను. ఆ సంఘము పెట్టు పరీక్ష ఎన్నదగినది. అభ్యర్థి తాను చేసిన కత్తితో, వ్రేలాడుచున్న అంగుళము మందము గల త్రాటిని ఒక్క వ్రేటున తెగవేయవలెను; దూలపు ముక్కలను నరుకవలెను; పిమ్మట అదే అంచుతో చేతి వెండ్రుకలు గీయవలెను; తుదకు ఆ కత్తిని బిగించి తొంబది డిగ్రీలు వంచినను విరుగరాదు. పరీక్షలో నెగ్గిన కత్తి మరి పనికి రాదు. చేసినవాని విద్య నిలుచును, చేసిన వస్తువు పోవును. ఈ వ్యాసంగము నేడు మన దేశమునకును వచ్చినది. చేతిలోని ఫోనున దృశ్యములు చూచి నేర్చుకొనువారు కలరు.

యానాం వంటి ఊరిలో విశ్రాంతుడైన ఒక ఉద్యోగి ఈ పనికి పూనుకొనెనని భావింపవచ్చును. గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ చీలుచోట నున్నదా పట్టణము. ఫ్రెంచివారు 1723లో అచట స్థావరము నెలకొల్పిరి. మధ్యమధ్య ఆంగ్లేయుల వశమైనను 1954 వరకు అది వారి యేలుబడిలో నుండెను. చుట్టును ఆంధ్రదేశమే యైనను నేడది పుదుచ్చేరి పాలనలోనిది. ఏలికలు మారిరి గాని ఆ డెల్టాలో కత్తి లేని యిల్లు ఎన్నడును లేదు. బొండాము కొట్టుట కొకటి, కల్లుగీత కొకటి, వరికోతకు కొడవలి, వరదనీటి కెదురీదివచ్చు పులసను తరుగుటకు కత్తిపీట. ప్రతిదానికిని వంపు వేరు, బరువు వేరు, అంచు వేరు. ఈ భేదములను గ్రంథములు నిర్ణయింపలేదు. తరతరములుగా వాడినవారి చేతులు, చేసినవారి చేతులు కలసి నిర్ణయించినవి.

ఇచ్చట మొదటి ఆక్షేపణ యొకటి వచ్చును. అహింసను పరమధర్మముగా నెంచువాడు కత్తి చేయవచ్చునా? ఆయుధముల వ్యాపారము తగదని బౌద్ధులును నిషేధించిరి కదా! దీనికి సమాధానము కత్తిలో లేదు, సంకల్పములో నున్నది. 1959 నాటి భారత ఆయుధముల చట్టము సైతము ఇంటిపనికి, సేద్యమునకు మాత్రమే యుద్దేశింపబడిన వస్తువులను ఆయుధములుగా లెక్కింపలేదు. అంచు ఒక్కటే; దేనికొరకు చేయబడినదను విషయమునుబట్టి పేరు మారుచున్నది. వంటింటి కత్తి చేసినవాడు అన్నదానమున భాగస్వామి. గోడకు తగిలించి పరుల గుండెలలో భయము పుట్టించుటకై చేసినవాడు, ఆ కత్తి యెవ్వరిని గాయపరుపకున్నను, హింసకు చేరువగా నున్నాడు. కావున చేయువాడు ఉక్కును చేపట్టుటకు ముందే "ఇది ఎవరి చేతికి, ఏ పనికి?" అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె లోతైనది. ఒకనికి అన్నము పెట్టు పని మరియొకనికి ఆటవస్తువగుట న్యాయమా? కమ్మరి ఎండలో, సెగలో సమ్మెట వేసి చేసిన కత్తిని బేరమాడి తగ్గించి కొందుము. చదువుకొనినవాడు ముచ్చటపడి చేసిన కత్తిని కళాఖండమని మెచ్చుకొందుము. ఒకనిది కూలి, మరియొకనిది కళ. ఒకని పేరు ఎవరికిని తెలియదు; మరియొకని పేరు కత్తి మీదనే చెక్కబడి యుండును. పనులలో ఎక్కువ తక్కువలు లేవని బోధించిన బసవేశ్వరుని మార్గమున నడచువారు ఈ భేదమును చూచియు చూడనట్లుండరాదు.

ఈ ఆక్షేపణకు ఉత్తరము నేర్చుకొను విధానముననే దొరకును. కొలిమి ముందు కూర్చున్న క్రొత్తవాని గర్వమును ఉక్కు ఒక్క దినములో అణచివేయును. పాత లారీ కమాను పట్టీని కాల్చి దాగలిపై సాగగొట్టుట బలముతో కూడిన పని గాని, అది సులభమైన భాగమే. కష్టము వేడిని గుర్తించుటలో నున్నది. దాదాపు 770 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఉక్కు సూదంటురాయికి అంటుట మానును. అంతకు కొంచెము మించిన వేడిలో తీసి నూనెలో ముంచినచో గట్టిపడును. వేడి మితిమీరిన, లోని రవ్వ పెరిగి విరుగును. చాలకున్న అంచు నిలువదు. కమ్మరి దీనిని రంగు చూచి చెప్పును. కొలిమి పాకలో చీకటి యుండుట పేదరికము వలన మాత్రమే కాదు. ఎర్రని కాకలోని భేదములు పట్టపగటి వెలుతురున కంటికి తెలియవు. ముంచి తీసిన కత్తి గట్టిదే గాని గాజువలె పెళుసు. దానిని మరల ఇన్నూరు డిగ్రీల ప్రాంతమున ఒకటి రెండు గంటలు కాచినగాని, ఎండుగడ్డి వన్నెకు తిరిగి, ఓర్పు గలది కాదు. సానపెట్టునపుడు తొందరపడి అంచును నీలివన్నెకు రానిచ్చినచో అంతవరకు పడిన శ్రమ వ్యర్థమగును. కాఠిన్యము మాత్రమే గుణము కాదనియు, వంగగల ఓర్పు కూడ వలయుననియు ఉక్కు నేర్పుచున్నది.

ఈ విద్యను అభ్యసించినవానికి కమ్మరి యెవ్వరో అపుడు తెలియును. పూర్వము గ్రామములలో రైతులు కళ్ళములో మేర కొలిచి కమ్మరిని పోషించెడివారు. ఆ కట్టుబాటులో పోషణతోపాటు అణకువయు నుండెను, దానిని పొగడనక్కరలేదు. ఆ మేరలు పోయినవి. వరికోత యంత్రములు వచ్చిన పిమ్మట కొడవళ్ళకు గిరాకి తగ్గినది. అంగడిలో కర్మాగారపు కత్తులు చౌకగా దొరకుచున్నవి. కొలిమి ఆరినచో దానితోపాటు రంగు చూచి వేడి చెప్పగల కన్నును ఆరిపోవును.

ఇట్లు ఆరిపోయిన విద్య తెలుగునాట ఒకటి కలదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించెడివారు. దానిని కొనుటకు పారసీక దేశమునుండి వర్తకులు అంత దూరము వచ్చెడివారని 1832లో ప్రకటితమైన వాయ్సీ వ్రాతవలన తెలియుచున్నది. ఐరోపావారు ఈ దేశపు ఉక్కును వూట్జు అనిరి. అది మన ఉక్కు శబ్దమునకు వికారమే యని పలువురి అభిప్రాయము. ఆ ఉక్కుతో చేసిన కత్తులు దమస్కసు పేర లోకప్రసిద్ధి నొందినవి. కరగించిన చేతుల పేర్లు మాత్రము నిలువలేదు. పందొమ్మిదవ శతాబ్ది గడచునప్పటికి ఆ విద్యయు అంతరించెను.

ఆ ఉక్కు రహస్యమును వెదకినవారిలో మైకేల్ ఫారడే యొకడు. అతడు కమ్మరి కుమారుడు. కత్తులు చేయు జేమ్సు స్టోడార్టుతో కూడి 1820, 1822 సంవత్సరములలో ఉక్కు మిశ్రమములపై తన పరిశోధనలను ప్రకటించెను. రహస్యము పూర్తిగా చిక్కలేదు. కాని ఆ మిశ్రమములలో నొకదానితో చేయించిన క్షౌరపు కత్తులను అతడు మిత్రులకు కానుకగా నిచ్చుచుండెనట. అంతటి శాస్త్రజ్ఞుడు కత్తులు చేయువానిని సేవకునిగా గాక సహచరునిగా గ్రహించెను. ఫలమును తన కొరకే దాచుకొనక పంచెను. వ్యాసంగమునకు ఇంతకంటె మంచి దారి యేది?

కాబట్టి జీతము లేదను కారణమున పని కాయకము కాకపోదు. శరీరము అలసినంత మాత్రమున కాయకమైపోదు. నేర్చువాడు కమ్మరిని గురువుగా నెంచి, కూర్చున్న దినములకు అతని కూలి నష్టము కాకుండ చెల్లించి, తన కత్తిని చూపు ప్రతిచోట అతని పేరు చెప్పవలెను. తన సరదా కత్తులను అంగడిలో చౌకగా నమ్మి అతని బేరము చెరుపరాదు. చేసిన కత్తిని పెట్టెలో దాచక, పనిచేయు చేతికి, అన్నము వండు చేతికి అందింపవలెను. అదియే దాసోహము.

అవసరమునకు మించి బియ్యము తెచ్చిన అయిదక్కి మారయ్యను, మిగిలినది తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపిన లక్కమ్మ కథ ఎరుగనివారుండరు. పది కత్తులు చాలక నూరు కత్తులు కూడబెట్టు మోజునకు ఆ తల్లి మాటయే మందు. ఒకరికి అన్నమైన విద్యను ఆనందమునకై చేపట్టువాడు ఆ అన్నమునకు ఋణపడి యుండును. ఆ ఋణము తీర్చునంతవరకు అతని పని వినోదము మాత్రమే. తీర్చిన నాడు అదియు కాయకమే యగును.