ఎవరూ చూడని అందం ఎవరి కోసం?

సప్తర్షి మండలం దిక్కున, మామూలు కంటికి ఆనని దూరంలో ఒక గెలాక్సీ ఉంది. పేరు ఎం82. చుట్ట ఆకారంలో కనిపిస్తుంది గనుక సిగార్ గెలాక్సీ అని కూడా అంటారు. జర్మన్ ఖగోళవేత్త బోడే 1774 డిసెంబరు 31న దాన్ని దుర్భిణిలో తొలిసారి చూశాడు. ఆయనకు కనిపించింది ఒక మసక మచ్చ మాత్రమే. 2006లో హబుల్ టెలిస్కోపు చిత్రం వెలువడింది. పక్క నుంచి చూసిన పళ్లెం లాంటి నీలి వెలుగు, దాని నడుమ నుంచి పైకీ కిందికీ ఎగజిమ్మే ఎర్రని ధారలు!

చూసిన విశ్వాసి నోట ‘సుబ్‌హానల్లాహ్’ అనే మాట వస్తుంది. రావాలి కూడా. కాని ఆలోచించండి. ఆ వెలుగు అక్కడ బయలుదేరి దాదాపు 1 కోటీ 20 లక్షల సంవత్సరాలయింది. అప్పటికి భూమిపై మనిషే లేడు. చూసేవాడే లేనప్పుడు దాన్ని అందమనవచ్చా? అందం చూసే కంటిలోనే ఉంటుందనీ, కన్ను లేకపోతే మిగిలేది వాయువు, ధూళి మాత్రమేననీ కొందరంటారు.

ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. ఇలాంటి చిత్రాల్లో కొన్ని రంగులు మనిషి అద్దినవే. ఎక్స్‌రేకు కంటికి తెలిసే రంగేదీ లేదు. చంద్రా టెలిస్కోపు పట్టిన ఎక్స్‌రేలకు నీలాన్ని ఎంచుకున్నది శాస్త్రజ్ఞులు. ఎరుపు సంగతి వేరు. కాగిన హైడ్రోజన్ నిజంగానే ఎర్రగా వెలుగుతుంది. ఏది ఏదో అడిగి తెలుసుకోవడం దైవస్తుతికి లోటు కాదు. తెలుసుకోకుండా బొమ్మ చూపి వాదనకు దిగడం మాత్రం ధర్మానికి మేలు చేయదు.

రంగులన్నీ తీసివేసినా అక్కడ ఒక అమరిక మిగులుతుంది. పొరుగున ఉన్న ఎం81 అనే పెద్ద గెలాక్సీ ఆకర్షణకు లోనై, ఎం82లోని వాయువు కేంద్రం వైపు వచ్చి పడింది. అక్కడ మన పాలపుంతలో కంటే దాదాపు పది రెట్ల వేగంతో నక్షత్రాలు పుడుతున్నాయి. వాటిలో భారీవి ఎక్కువ కాలం బతకవు. త్వరగా ఇంధనం తగలేసుకుని పేలిపోతాయి. ఆ పేలుళ్ల తాకిడికే వాయువు బయటికి చిమ్ముతుంది. మనం మెచ్చుకునే ఎర్రని ధారలు అవే. విశేషమేమంటే, కొత్త నక్షత్రాలకు ముడిసరుకు కూడా ఆ వాయువే. అంటే పుట్టుకల జోరుకు ఆ జోరే కళ్లెం వేస్తోంది. హద్దు ఎక్కడి నుంచో రాలేదు, లోపలే అమర్చబడి ఉంది.

ఈ అమరిక మనం చూశాక పుట్టింది కాదు. కన్ను దానికి సాక్షి మాత్రమే. చూసేవారి కోసం ఆకాశాన్ని అలంకరించినట్లు దివ్యఖుర్‌ఆన్ చెబుతున్న మాట నిజమే. అయితే సృష్టిలోని ప్రతి వస్తువూ అల్లాహ్‌ను స్తుతిస్తోందనీ, ఆ స్తుతి మనకు అర్థం కాదనీ తెలిపేది కూడా ఆ గ్రంథమే. అర్థం కానంత మాత్రాన అది వ్యర్థమని ఎలా అనగలం?

2014 జనవరి 21 సాయంత్రం లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయ వేధశాలలో స్టీవ్ ఫాసీ అనే అధ్యాపకుడు విద్యార్థులకు కెమెరా వాడకం నేర్పుతున్నాడు. మబ్బులు కమ్ముకొస్తుంటే తొందరగా టెలిస్కోపును ఎం82 వైపు తిప్పారు. పాత చిత్రాల్లో లేని చుక్క ఒకటి అక్కడ కనిపించింది. అది పేలిపోయిన నక్షత్రం. దాని వెలుగు భూమిని చేరి అప్పటికే దాదాపు వారం రోజులైంది.